తెలుగు సంతకం

"అదంతా సరే, ఖర్చెవరి నెత్తిన పడింది?" అడిగాడు రామదాసు. ఏ తగాదా విన్నా ఆయన మొదటి ప్రశ్న అదే.

సింగపూర్ క్లెమెంటిలో ఆయన సరుకుల కొట్టు. బియ్యం బస్తాల పక్కన స్టూలు మీద సరయు కూర్చుంది. యూనివర్సిటీలో పాత భూమి దస్త్రాల మీద పరిశోధన చేస్తోంది. ఇక్కడే పెరిగిన పిల్ల. తెలుగు మాట్లాడుతుంది, చదవడం రాదు.

"ఆ కాలంలో భూమి రిజిస్టర్లు రాసిన తెల్లదొర నెత్తినే అంకుల్. లంచం తిని రిజిస్టర్లో హద్దులు మార్చాడని ఎవరో కంప్లెయింట్ పెట్టారు. ఉద్యోగం పీకేశారు. ఆయన కోర్టుకెళ్ళి, కంప్లెయింట్ ఇచ్చినవాణ్ణి పిలిపించమన్నాడు. కంప్లెయింట్ మీది సంతకం ఎవరికీ చదవడం రాలేదు!"

"అయితే?"

"కేసు కొట్టేశారు. లాయర్ల ఖర్చు సర్కారే ఇవ్వాలని ఆయన, నువ్వే కట్టుకోమని సర్కారు. అది తేలకముందే పోయాడు. భార్య ఇల్లమ్ముకుంది."

"పాపం."

"సంతకం తెలుగని మా ప్రొఫెసర్ గెస్. పేరు తెలిస్తే, ఆ స్థలం తర్వాత అతనికే వెళ్ళిందా అని చూస్తాం. వెళ్తే, స్థలం కోసమే అబద్ధపు కంప్లెయింట్ పెట్టాడని తేలి, దొర మచ్చ పోయినట్టే."

"సరైన చోటికే వచ్చావు. ఈ ఊళ్ళో బ్యాంకులో కూడా నాది తెలుగు సంతకమే. మా తాత నుంచి వచ్చిన అలవాటు. ఓడ దిగి, స్థలం సంపాదించి, కొట్టు పెట్టిన మనిషి! ఆయన పేరే నాకు పెట్టారు. ఏదీ, ఇటివ్వు."

నకలు తీసుకుని వెలుతురు కోసం గుమ్మం దాకా వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి ఆయన కప్పులో కోపి, అదే ఇక్కడి కాఫీ, చల్లారిపోయింది.

"వెంకటసుబ్బయ్య," అన్నాడు.

సరయు ఫోన్లో జాబితా వెతికింది. "స్థలం వచ్చినవాళ్ళలో ఆ పేరు లేదే! దొరే తప్పు చేశాడేమో. ఆయన మునిమనవరాలు ఆశగా ఎదురుచూస్తోంది, ఏం రాయను?"

రామదాసు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఆ లాయర్ల ఖర్చు ఇప్పటి డాలర్లలో ఎంతవుతుంది?"

"లెక్కెయ్యలేదు. ఎందుకు అంకుల్?"

"ఊరికే."

ఆమె ఇంకో కాగితం ముందుకు జరిపింది. "మీరే చదివి చెప్పినట్టు ఇక్కడ సంతకం కావాలి. తెలుగులో పెట్టండి, బాగుంటుంది లా!" అంది ఈ ఊరి యాసలో.

రామదాసు పెన్ను అందుకున్నాడు. ఇంగ్లీషులో పొడి అక్షరాలు గీసి ఇచ్చేశాడు.

తెలుగులో పెడితే, పాత కంప్లెయింట్ మీదా ఈ కాగితం మీదా ఒకే పేరుండేది.