దారం కొలత

డెబ్బై నాలుగులో సంగతి. దొరల సీమలో చర్చి పిల్లలు మన పేదపిల్లలకి సాయం పంపుతారంట, పిల్ల ఎత్తు దారంతో కొలిచి ఇమ్మన్నారు జగ్గయ్యపేట పాస్టరుగారు.

మా మనవరాలు జయమణికి ఏడేళ్లు. చూస్తే నాలుగేళ్ల పిల్లంత. గౌను కుట్టటానికేమో అనుకున్నా. నా ఇంటి పిల్ల గిడసబారిందని దొరల పిల్లలు నవ్వుకోవటమేంటని దారం జానెడు పెంచి ఇచ్చా.

రెండు నెలలకి పాస్టరుగారు జాబు పట్టుకొచ్చారు. "పెద్దాయనా, పాలడబ్బాలు ఎదగని పిల్లలకేనంట. మీ పిల్ల ఏపుగా ఉందని పేరు కొట్టేశారు. కొలతలో పొరపాటుంటే చెప్పండి, మళ్లీ రాస్తా."

నలుగురూ చూస్తున్నారు. "పొరపాటేం లేదండీ," అన్నా.

వానాకాలం జ్వరం తగిలింది. పిల్లలో సత్తువే లేదన్నాడు నందిగామ డాక్టరు. మూడోరోజు జయమణి పోయింది.

గుంట తవ్వేవాడు కొలత అడిగాడు. ఈసారి జానెడు కలపకుండా చెప్పా.