వెయ్యి రెట్లు

“ఆ డబ్బా ఇలా ఇవ్వమ్మా!”

లెక్కల టీచరు ఉలిక్కిపడింది. ఎలక్ట్రికల్ షాపులో, ముక్కూమొహం తెలియని పెద్దాయన ఒకడు ఆమె చేతిలోని కండెన్సర్ మీద చెయ్యి వేశాడు.

“ఇదేం పనండీ? దీన్ని నేను కొనుక్కున్నాను.”

“దేనికి?”

“మా నాన్నగారి ఆక్సిజన్ మిషన్‌కి. పొద్దున్నే ఆగిపోయింది. సిలిండర్ మీద ఉన్నారు, అదీ అడుగంటింది. ఇంకో గంట వస్తుందో రాదో. వదలండి!”

పెద్దాయన వదల్లేదు. “దానికి ఇది కాదమ్మా. ఇది వెయ్యి రెట్లు ఎక్కువ.”

లెక్కల టీచరుతో లెక్క తప్పిందంటే ఊరుకుంటుందా? ఇంటి దగ్గర మెకానిక్ విప్పి ఇచ్చిన మాడిపోయిన కండెన్సర్‌ని ఆయన కళ్ళముందు ఆడించింది.

“చదవండి. ఇరవై ఎమ్మెఫ్‌డీ. ఎమ్ అంటే మిల్లీ. ఒక మిల్లీఫారడ్‌కి వెయ్యి మైక్రోఫారడ్‌లు. ఇరవైకి ఇరవై వేలు. ఈ డబ్బా మీదా ఇరవై వేల మైక్రో అనే ఉంది. ఎక్కడ తప్పింది?”

“లెక్క తప్పలేదు తల్లీ, అక్షరం తప్పింది. ఆ ఎమ్ ఉందే...”

“ఎమ్ గురించి నాకు చెప్పకండి!”

కౌంటర్‌లో ఉన్నది షాపు యజమాని భార్య. ఆయన బయటికెళితే కాసేపు కూర్చుంది. ఆవిడకి తల తిరిగిపోతోంది.

“ఈ మిల్లీలూ మైక్రోలూ నాకు తెలియవమ్మా. అడిగింది తీసివ్వడమే నా పని. మావారు వచ్చేదాకా ఆగండి.”

“ఆగే పనైతే ఇలా పరిగెత్తుకొస్తానా?” అంది టీచరు. తండ్రి రొప్పుతున్న చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది.

పెద్దాయన ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూశాడు. చేతిసంచిలోంచి చిన్న కండెన్సర్ తీశాడు. దాని మీద ఇరవై మైక్రో అని ఉంది.

“ఇది నువ్వు తీసుకో. అది నాకివ్వు.”

ఆమెకు ఒళ్ళు మండింది. చెంబంత డబ్బా పుచ్చుకుని బొటనవేలంతది ఇస్తాడట!

“వెయ్యో వంతు చేతిలో పెట్టి పోదామనా? ఈ వయసులో సిగ్గులేదూ?”

“తిట్టుకో. ఇది మాత్రం పెట్టించు.”

చిన్నదాన్ని ఆమె గుప్పిట్లో కుక్కి, పెద్దది లాక్కుని, గబగబా మెట్లు దిగి ఆటో ఎక్కేశాడు.

“దొంగ! ఇంకో పెద్దది ఇవ్వండి, త్వరగా!”

“ఆ రకం అదొక్కటేనమ్మా ఉంది.”

ఆమె ఏడుస్తూ ఇంటికి పరిగెత్తింది. దారి పొడుగునా ఆయన్ని తిట్టని తిట్టు లేదు.

మెకానిక్ ఆ చిన్నదాన్ని చూసి, ఒక్క మాట కూడా అడగకుండా బిగించడం మొదలుపెట్టాడు.

“అది పనిచెయ్యదండీ. సరైనది ఎవరో ముసలాయన లాక్కుపోయాడు. ఇరవై వేలది.”

స్క్రూడ్రైవర్ ఆగిపోయింది.

“ఇరవై వేలా? టీచరుగారూ, ఈ ఎమ్ మిల్లీ కాదు, మైక్రోనే! మైక్రోకి రాసే గ్రీకు అక్షరం బదులు వెనకటి నుంచీ ఎమ్ కొట్టడం అలవాటు. మీరు అది తెచ్చుంటే మళ్ళీ షాపుకి పంపాల్సొచ్చేది. ఈలోగా...”

అతను సిలిండర్ వైపు చూసి మాట మింగేశాడు. ముల్లు సున్నా మీద పడుకుని ఉంది.

స్విచ్ వేశాడు. మిషన్ ఓసారి దగ్గి, గుర్రుమని అందుకుంది.

కాసేపటికి తండ్రి పెదాల మీది నీలం తగ్గింది. కళ్ళు తెరిచి కూతుర్ని చూశాడు.

“ఏడుస్తావేమే? లెక్కల్లో తప్పావా?”

“తప్పాను నాన్నా!” అని నవ్వుతూనే భోరుమంది. గుండెల మీంచి బండ దించినట్టయింది.

మర్నాడు ఆమె షాపుకి వెళ్ళింది. ఆ పెద్దాయన కాళ్ళమీద పడైనా సరే క్షమాపణ అడగాలనుకుంది.

“ఆయన ఇంక రారమ్మా. నిన్న సాయంత్రం సరుకు దిగగానే వచ్చి, ఆ పెద్ద డబ్బా తిరిగిచ్చేసి, చిన్నది ఇంకోటి పట్టుకెళ్ళారు” అంది యజమాని భార్య.

“ఇంకోటా? ఆయనకెందుకు?”

“మీకిచ్చింది షాపులో ఆఖరుది కదమ్మా. వాళ్ళావిడదీ మీ నాన్నగారి లాంటి మిషనేనట. ‘మాకు సాయంత్రం దాకా సిలిండర్ వస్తుందిలే, ఆ పిల్ల నాన్నకి గంట కూడా లేదు’ అన్నారు.”