కింది వరుస

చెన్నై సౌకార్‌పేటలో దారాలూ గుండీలూ అమ్మే కొట్టు పరంధామయ్యది. షట్టరు సగం దించి, ఆ రోజు బిల్లులు ముగిస్తుండగా కరెంటు పోయింది.

ఆ కొట్టు కంప్యూటర్లోనే కూతురు భరణి తన కోసం రెండో ఆపరేటింగ్ సిస్టం వేసుకుంది. ఆన్ చేస్తే తెర మీద రెండు వరుసలు వస్తాయి. "పైది నీ బిల్లులకి, కిందది నాది. ఆఖరున ఏది తెరిస్తే, మళ్ళీ ఆన్ చేసినప్పుడు వెలుగు దాని మీదనే ఉంటాది నాయనా," అని చెప్పింది. పోయిన వానల్లో జ్వరమొచ్చి ఆ పిల్ల పోయింది. అప్పట్నించీ వెలుగు పైవరుస దిగలేదు. కిందిదాని పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు.

"ఆ కిందిది ఊరికే చోటు తినేస్తా ఉంది సార్, రేపొచ్చి తుడిచేస్తా," అని రిపేర్ల సెంథిల్ మధ్యాహ్నమే అన్నాడు. పరంధామయ్య సరేనన్నాడు.

కరెంటొచ్చింది. కంప్యూటర్ తనంతట తానే లేచింది. పొద్దున్నించీ తెరిచింది బిల్లులే. వెలుగు మాత్రం కింది వరుస మీద ఉంది.

చూస్తుండగానే పాస్‌వర్డ్ పెట్టె తెరుచుకుంది. ఆయన చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. పెట్టెలో ఒక చుక్క పడింది. కాసేపాగి ఇంకొకటి. దారపు ఉండల మధ్య మీటల చప్పుడు మెత్తగా వినిపించింది.

ఆయన మెల్లగా స్టూలు మీంచి లేచి పక్కకు జరిగాడు.

"కూచో తల్లీ. సెంథిల్‌ని రావద్దంటాలే."

చప్పుడు ఆగిపోయింది. స్టూలు కిర్రుమంటుందేమోనని ఆయన చెవి ఒగ్గి నిలబడ్డాడు.