విమానంలో ఎంతసేపు?

విమానం టికెట్లమ్మే మా ఆఫీసు గుమ్మంలో అక్క సంచీతో కనబడేసరికి నా పైప్రాణాలు పైనే పోయాయి.

నలుగురిలో నన్ను నవ్వులపాలు చేస్తుందని, "విమానంలో కూడా తొమ్మిది గంటలు పడుతుందక్కా, నీ మోకాళ్ళు తట్టుకోలేవు" అని, మా ఆఫీసు చూడ్డానికి వస్తానన్న తనని ఫోన్లో ఆపింది నేనే.

"అంతసేపు ముడుచుకుని కూర్చోలేక, రైల్లో కాళ్ళు చాపుకుని వచ్చానురా. పక్క సీటాయన విమానంలో గంటేనన్నాడు. రోజూ టికెట్లు రాసే మా తమ్ముడికంటే నీకెక్కువ తెలుసా అని కడిగేశాను!"

ఆఫీసంతా గొల్లుమంది. ఎందుకో తెలియక అక్క చుట్టూ చూసింది. తన చూపు నా వెనక బోర్డు మీద ఆగింది: మా ఊరి పేరు, పక్కనే అయిదువందల కిలోమీటర్లు, యాభై అయిదు నిమిషాలు.

నేను తలెత్తలేకపోయాను.

అక్క కళ్ళజోడు తీసి సంచీలో పెట్టేసుకుంది.

"ఈమధ్య దూరానివి కనబడట్లేదురా. కాసిని మంచినీళ్ళియ్యి."