ముళ్లకంచెలో గోరింక

ఏటా లేళ్లు కొండ చుట్టూ పరుగు పందెం పెట్టుకునేవి. కుంటలోని కప్పలకు ఆ పరుగు కనిపించదు. అయినా గోరింక మద్దిచెట్టు ఎక్కి "అదుగో, చుక్కల లేడి ముందుకొచ్చింది!" అని అరుస్తుంటే కళ్లారా చూసినట్టే గంతులేసేవి. గెలిచిన లేడి నీళ్లు తాగడానికి వస్తే వాటి కేకలకు గట్టు దద్దరిల్లేది.

ఒకనాడు నక్క ముసిముసి నవ్వులతో గట్టుకొచ్చింది.

"బోదురు మామా, పాపం గోరింక గొంతు ఎండిపోతోంది. ఇకమీదట నా ముళ్లకంచెలో నీడపట్టున కూర్చుని చెబుతుంది. ఈసారికి ఊరికే వచ్చి వినండి. వచ్చే ఏడాది నుంచి తలా ఒక చేప తెస్తే చాలు."

ముసలి బోదురుకప్పకు ఒళ్లు మండింది. "గోరింక గొంతు ఎండితే నీకెందుకురా దాహం?"

"లేళ్లే ఒప్పుకున్నాయి మామా. మోపులకొద్దీ పచ్చగడ్డి ఇస్తున్నానుగా!"

నక్క ఊరికే ఇస్తానంటే ఎక్కడో గాలం ఉన్నట్టే. బోదురుకప్ప ఆ ఏడు కంచె వైపే పోలేదు. మరుసటి ఏడు చేప తేలేక మిగతా కప్పలూ పోలేదు.

ఆ ఏటి పందెం రోజున చుక్కల లేడి రొప్పుతూ కుంట దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"పులి తరుముతోంది!" అంటూ కప్పలన్నీ బుడుంగున మునిగాయి.

లేడి బిత్తరపోయింది. "పులి లేదు, ఏమీ లేదు! పందెం గెలిచాను!" అని అరిచింది.

గెలుపు మాట గోరింక నోట వినడమే తప్ప, లేడి నోట ఏనాడూ విని ఎరగదు బోదురుకప్ప. 'ఇదీ నక్క ఎత్తే' అనుకుని ఇంకాస్త లోతుగా బురదలోకి దిగింది.