మందు పోయని చెరువు

"చేపలన్నీ బతికాయిగా, ఎందుకమ్మా ఏడుస్తున్నావు?" అంది కైకలూరు చేపల రైతు గంగాదేవి, ఖాళీ సీసాలు సర్దుకుంటున్న కీర్తనతో.

నీటిలోని విషాన్ని తినే సూక్ష్మజీవుల మీద కీర్తన విజయవాడలో పీహెచ్‌డీ చేస్తోంది. గంగాదేవి చెరువులో వాటితో చేసిన మందు పోయించి, తేడా తెలియడానికి పక్క చెరువును మందు పోయకుండా వదిలేసింది.

"మందు పోయని చెరువులోనూ చేపలు బతికాయండీ. అంటే నా మందు పనిచేయనట్టే. మా గైడ్ గారు ఈ పరిశోధన ఇక చాలన్నారు."

గంగాదేవి తల దించుకుంది.

"ఆ చెరువు మా తోడికోడలిదమ్మా. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే చూడలేక, సగం మందు అందులోనూ పోశాను."

కీర్తన ఖాళీ సీసాలన్నీ మళ్లీ బయటికి తీసి, అడుగున చుక్కైనా మిగిలిందేమోనని చూసింది. ఫ్రీజర్‌లో దాచినవాటితో సహా ఆ సూక్ష్మజీవులన్నిటినీ పొద్దున్నే ల్యాబ్‌లో ఉడకబెట్టి, పారబోసి వచ్చింది తను.