వంతెన వీరుడి పక్కన చోటు

సైనిక శ్మశానం గేటు దగ్గర కొత్త బోర్డు పెట్టారు. పైన 'ఇక్కడ విశ్రమిస్తున్న ప్రముఖులు' అని రాసి, కింద పన్నెండు పేర్లు వేశారు. మూడోది వంతెన వీరుడిది. అది చూడగానే కుళాయిల మేస్త్రీ మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆయన భార్యకి మాత్రం చూడ్డానికి రెండు కళ్లూ చాలలేదు.

"మూడో స్థానం. జనరల్ గారి కంటే పైన," అంది కళ్లజోడు తుడుచుకుంటూ.

"అక్షరాల వరసలో రాసుంటారు," అన్నాడు మేస్త్రీ.

"మీకు కుళ్లు."

కుళ్లే. దాచుకోవడానికేముంది? ముప్పయ్యేళ్లుగా ఆ ఇంట్లో ఇద్దరు కాదు, ముగ్గురు కాపురం చేస్తున్నారు. హాల్లో గోడకి ఆవిడ మొదటి మొగుడైన వీరుడి పతకం. దానికి మేకు కొట్టింది మేస్త్రీయే. గొంతులో మాత్ర దిగక ఆయన అవస్థ పడుతుంటే ఆవిడ పతకం వంక చూసి నిట్టూర్చేది. "శత్రువు చేతికి చిక్కకూడదని ఆయన మ్యాపు మొత్తం నమిలి మింగాడు. మీకు చిన్న గోళీ దిగదు." బల్లిని చూసి ఆయన కుర్చీ ఎక్కితే, వీరుడు ఒంటరిగా రెండు రోజులు వంతెన కాసిన సంగతి గుర్తుచేసేది.

పోయినవాడితో పోటీ పడి గెలిచిన మొగాడు లేడు. వాడికి బట్టతల రాదు. గురక రాదు. తడి కాళ్లతో వంటింట్లోకి రాడు.

వీరుడి సమాధి మీద రాయి నిలబెట్టి ఏడాది తిరక్కుండానే ఆవిడ మేస్త్రీని పెళ్లాడి, ఎవరూ ఎరగని ఈ ఊరికి వచ్చేసింది. ఇరుగుపొరుగు వెనకాల 'రెండో మొగుడు' అనుకునేవారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా మేస్త్రీ రెంచి పట్టుకుని ఏదో ఒక కుళాయి బిగించేవాడు. ఆ ఇంట్లో ఏ కుళాయీ సులువుగా తిరిగేది కాదు.

ప్రతి గురువారం ఇద్దరూ సమాధికి పూలు తీసుకెళ్లేవారు. అక్కడి గైడు బడిపిల్లలకి వీరగాథ వినిపించేవాడు. మొదట్లో శత్రువులు పదిమంది. ఏటా పెరిగి పెరిగి నూట నలభై మందీ, రెండు టాంకులూ అయ్యారు. ఒకరోజు మేస్త్రీకి ఓపిక నశించింది.

"ఆ వంతెన కింద నీళ్లు మోకాటి లోతు. మేక కూడా దాటేస్తుంది. మ్యాపు ఎవడూ మింగలేదు, వానకి నానిపోయింది."

"మీరు చూశారా పెద్దాయనా?" అన్నాడు గైడు.

"నేనూ ఆ పటాలంలోనే ఉన్నాను."

పిల్లలు ఆయన్ని దొంగని చూసినట్టు చూశారు. భార్య జబ్బ మీద గిల్లి పక్కకి లాక్కెళ్లింది. వీరుడి పరువు తీస్తే ఊరుకోనని బస్సెక్కేదాకా సాధించింది.

ఆ నెలలోనే డాక్టరు మేస్త్రీ గుండె విని, ఇక నిచ్చెనలు ఎక్కొద్దన్నాడు. ఇంటికొస్తూ దారిలో ఇద్దరూ తమ తర్వాతి సంగతులు మాట్లాడుకున్నారు. ఆవిడకి బెంగ లేదు. వీరుడి పక్కన, భార్య కోసమని శ్మశానం వాళ్లు చోటు ఖాళీగానే ఉంచారు. మరి తన సంగతేమిటని మేస్త్రీ అడిగాడు. ఊరి చివర మునిసిపాలిటీ శ్మశానం ఉండనే ఉంది కదా అంది.

మేస్త్రీ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. ఏ కుళాయినీ ముట్టుకోలేదు. మూడో రోజు, ఆరిన బట్టలు మడతపెడుతున్న భార్య దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"ఇన్నాళ్లూ ఈ ఇంట్లో మూడోవాడిలాగే బతికాను. పోయాకైనా నీ పక్కన ఉండొద్దా?"

ఆవిడ ఒకే చొక్కాని నాలుగుసార్లు మడతపెట్టింది. మర్నాడు పొద్దున్నే ఆయన్ని వెంటబెట్టుకుని శ్మశానం ఆఫీసుకి వెళ్లింది.

సూపరింటెండెంటు రూలు తప్పి తుమ్మను కూడా తుమ్మడు. ఆవిడ చెప్పిందంతా విని, లావుపాటి పుస్తకం తీసి, వేలు తడుపుకుని పేజీలు తిప్పాడు. పక్కచోటు వీరుడి భార్యకే తప్ప రెండో భర్తకి ఇవ్వడానికి లేదన్నాడు.

"కావాలంటే నిలబెట్టి పాతండి సార్. సర్దుకుంటాను," అన్నాడు మేస్త్రీ.

సూపరింటెండెంటు దానికీ పుస్తకం చూశాడు. నిలువుగా పాతే రూలు లేదు. వీరుడు ఒకరు, ఆయన భార్య ఒకరు, వెరసి ఇద్దరు. మూడో మనిషి ప్రసక్తే లేదు. పైగా ఆవిడ మళ్లీ పెళ్లి చేసుకుంది కాబట్టి, ఆవిడకైనా చోటు ఇవ్వొచ్చో లేదో పైవాళ్లని అడగాలన్నాడు.

మేస్త్రీ గబుక్కున లేచాడు. "పద వెళ్దాం. నా మూలాన నీ చోటు కూడా పోయేట్టుంది."

ఆవిడ లేవలేదు. కిటికీలోంచి బయటకి చూసింది. గేటు దగ్గర పిల్లలు బోర్డు మీది మూడో పేరుని కూడబలుక్కుంటూ చదువుతున్నారు. తర్వాత చెయ్యి చాపి మేస్త్రీ మోచేయి పట్టుకుని, ఆయన్ని మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టింది.

"మూడో మనిషి వద్దు లెండి బాబూ," అంది నెమ్మదిగా, "ఆ రాతి మీది పేరు ఈయనదే, కాబట్టి ఈయన కోటు తొడుక్కుని పొరపాటున లోపల పడుకున్న ఆ అబ్బాయెవరో, అతన్ని కాస్త పక్కకి జరగమనండి."